ఐపీ అన్న మాట

టిప్పరు వెనక్కొచ్చి, పూత మీదున్న గిడ్డమ్మ వాళ్ల వేరుశనగ చేలో నిలబడి తొట్టి పైకెత్తింది. గనిలో ముగ్గురాయి తీశాక మిగిలిన పనికిరాని రాళ్లన్నీ మొక్కల మీద పడ్డాయి. గిడ్డమ్మ నోట్లో కొంగు కుక్కుకుని చూసింది. మొగుడు ఓబుళేశు బండికి అడ్డం పోయాడు. డ్రైవరు కిందికి కూడా దిగలేదు.

"కంట్రాక్టరు ప్రదీప్‌కుమార్ సారు పోయమన్యాడు, పోస్తాండా. కావాలంటే కోర్టుకు పోండప్పా," అన్నాడు.

కోర్టుకు పోండి. ఉన్నవాడు లేనివాడితో ఎంత సులువుగా అంటాడో ఈ మాట. తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే ఉంటుంది. దగ్గరికి పోతే కదా తెలిసేది.

పోయారు. వకీలు ధనుంజయ చెడ్డవాడేమీ కాదు. పాసుపుస్తకం తిరగేసి, కేసు గట్టిదేనన్నాడు. ఆ తర్వాత తల గోక్కున్నాడు.

"కోర్టు ఫీజుతోనే చిక్కు, ఓబుళేశూ. భూమి విలువను బట్టి కట్టాల. గనులు పెరిగినాక మీ పక్క భూములకు సర్కారు రేటు పెంచింది. ఫీజూ దాంతోనే పెరిగింది."

"రేటు పెరిగితే నాకేమొచ్చె సారూ? అమ్ముతానంటినా? నా చేను నాకియ్యమని అడిగేదానికి నేను దుడ్లు కట్టాల్నా?"

"మరి రాళ్లు పోసినోడు కట్టడా?" గిడ్డమ్మ అడిగింది.

"న్యాయం అడిగినోళ్లే కట్టాలమ్మా." వకీలు పాసుపుస్తకం మూసి మళ్లీ అన్నాడు, "ఒక దోవ ఉండాది. ఐపీ కింద పెట్టుకోండి. జడ్జి ముందర చెబితే విచారించి, ఫీజు లేకుండా తీసుకుంటారు."

ఓబుళేశు ముఖం మాడిపోయింది. సీమలో ఐపీ అంటే దివాలా. చీటీలు వేయించుకుని, పదిమంది సొమ్ము మింగి, కోర్టులో చేతులెత్తేసినవాణ్ని ఐపీ పెట్టినాడంటారు. వాడింటికి పిల్లనివ్వరు. వకీలు చెప్పింది ఆ ఐపీ కాదు. నిరుపేదను ఇంగ్లీషులో ఇండిజెంట్ పర్సన్ అంటారు, దాన్ని పొట్టి చేసి ఐపీ అన్నాడు. ఆ ముక్క విడమర్చి చెప్పాలని అతనికి తోచలేదు. మనకు రాని భాషలో మన బతుకులు రాసేవాళ్లకు అది తోచదు.

"నేను ఎవురి సొమ్మూ ఎగ్గొట్టలేదు సారూ," అని ఓబుళేశు లేచి వచ్చేశాడు.

ఆ సాయంత్రం లేవి ఇంటి ముందర అందరూ కూర్చున్నారు. లేవి గనిలో రాళ్లు ఏరే కూలి, కూలీల సంఘం మనిషి. వచ్చినవాళ్లందరి చేలూ ఆ రాళ్ల కిందే ఉన్నాయి. వకీలు ఐపీ పెట్టుకోమన్న సంగతి ఓబుళేశు వాళ్లకు చెప్పాడు.

"ఒక్కొక్కరం పోతే మనల్ని లెక్కచెయ్యరు. అందరం కలిసి కేసు ఏద్దాం," అన్నాడు లేవి.

"ఐపీ అనిపించుకోమంటావా అప్పా? మా పిల్లోళ్లకు సంబంధాలు వస్తాయా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

అందరూ తలలు వంచుకున్నారు. చేలు పోగొట్టుకున్నవాళ్లు, దొంగల్లాగా.

"చేతులుండాయి. నా రాళ్లు నేనే ఎత్తేసుకుంటా," అన్నాడు ఓబుళేశు.

"ఈ ఐపీ అంటే ఏందో రేపు వకీలును నేను అడిగొస్తా, ఆగు ఓబుళేశూ," అన్నాడు లేవి. ఓబుళేశు ఆగలేదు. తెల్లారి చేలో వంగి రాయి ఎత్తుతుంటే టిప్పరు వెనక్కొచ్చి తొట్టి ఎత్తింది. డ్రైవరు చూడలేదో, చూసీ ఆగలేదో. రాళ్లు తొలగించి మనిషిని బయటికి తీసేసరికి ఊపిరి లేదు. పిడికిట్లో వేరుశనగ మొక్క ఒకటి, వేళ్లతో సహా, అట్లాగే ఉంది.

లేవి బస్సు దిగి చేనికి పరుగెత్తుకొచ్చాడు. "గిడ్డమ్మా, ఐపీ అంటే దివాలా కాదంట. పేదోళ్లమని చెప్పుకునేదంట, అంతేనంట..." అంటూ వచ్చి, శవాన్ని చూసి, అక్కడే కూలబడ్డాడు.

గిడ్డమ్మ మొగుడి చెవి దగ్గరికి వంగింది. "విన్యావా? అంతేనంట," అంది.

దినాలు కాగానే ఊరంతా కోర్టుకు నడిచింది. గిడ్డమ్మ ముందు, వెనక సుబ్బలక్ష్మమ్మ, లేవి, చేలు పోయినవాళ్లంతా. గుమాస్తా వాళ్ల ఐపీ కాగితాలు పక్కకు నెట్టి, తహసీల్దారు విచారణ కావాలి, వాయిదాకు రండి అన్నాడు.

"పేదోళ్లమో కాదో ఇంగా విచారించాల్నా సారూ? మమ్మల్ని చూడు," అంది గిడ్డమ్మ. "ఈ మాటకు సిగ్గుపడి మా ఆయన రాళ్ల కింద పోయినాడు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు. రాసుకో, నేను ఐపీ."

"నేనూ ఐపీనే," అంది సుబ్బలక్ష్మమ్మ, అందరికంటే గట్టిగా.

వరండా అంతా అదే మాట. కదలమన్నారు, కదల్లేదు. పోలీసులొచ్చి ఆడా మగా అనకుండా వ్యాన్లోకి ఎక్కించారు. లాఠీ దెబ్బలు తగిలినవాళ్లు లేవి మీద వాలి కూర్చున్నారు.

స్టేషన్లో కానిస్టేబులు కలం పట్టుకుని, "పేరు?" అన్నాడు.

"గిడ్డమ్మ."

"ఇంటిపేరు?"

"ఐపీ," అంది.

అతను తలెత్తి చూశాడు. గిడ్డమ్మ కళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఓబుళేశు ఈ మాట ఇట్లా అనగలిగి ఉంటే బతికేవాడు. ఆమెకది తెలుసు. అందుకే మళ్లీ చెప్పింది.

"రాసుకో అప్పా. ఈ వరసలో ఉన్నోళ్లందరి ఇంటిపేరూ అదే."