బస్సుబడి మామయ్య

ఎడమ చంకలో ఒకణ్ణి, కుడి భుజం మీద ఇంకొకణ్ణి వేసుకుని డ్రైవరు మామయ్య బస్సు తలుపును మోకాలితో తోసి మూశాడు. లోపల టీచరమ్మ గుణింతాలు పాడిస్తోంది. బయట బస్సు నీడలో పరిచిన పట్టా మీద, చదువు వయసు ఇంకా రాని వాళ్లు బోర్లాపడుతూ, పాకుతూ, ఒకరి బొటనవేలు ఒకరు నోట్లో పెట్టుకుంటూ ఉన్నారు. వాళ్లంతా మామయ్య పూచీ.

నిజానికి అతని ఉద్యోగం బస్సు తోలడం. సీట్లు పీకేసి, నల్లబల్ల బిగించిన ఆ పాత బస్సును భవనాలు కట్టే చోటికి తెచ్చి నిలిపి హారన్ కొడితే ఆ పూటకు పని అయిపోయినట్టే. కానీ మొదట్లో బడికి వచ్చిన ఆడపిల్లల చంకల్లో తమ్ముళ్లో చెల్లెళ్లో ఉండేవారు. ఒకడు ఏడుపు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవారు. "ఇలా తెండర్రా" అని మామయ్య చేతులు చాచాడు. ఆ చేతులు మళ్లీ ఖాళీ కాలేదు.

మనిషి భారీ విగ్రహం. మీసానికి రంగు వేస్తాడు. తాతా అని పిలిస్తే వినబడనట్టు ఉంటాడు. మామయ్యా అంటే రోడ్డవతల నుంచైనా పలుకుతాడు.

ఇవాళ ఏదో వెలితిగా ఉంది. బుడ్డోడు రాలేదు. అంటే వాడి అక్క, ఆ ఉంగరాల జుట్టు పిల్ల కూడా రాలేదన్నమాట. నిన్న పోతూ పోతూ అతని వేలు పట్టుకుని మరీ చెప్పింది: "మామయ్యా, రేపు మైకులో కథ నేనే చదువుతా. నువ్వు నిద్రపోకూడదు."

పసివాళ్లను, పనిచోట నీళ్లు పట్టే అవ్వకు అప్పగించి, మామయ్య రేకుల పాకల వైపు నడిచాడు.

పిల్ల తండ్రి తాపీమేస్త్రీ. గిన్నెలూ దుప్పట్లూ పారలూ చుట్టూ పోసుకుని నిలబడి ఉన్నాడు. కడుతున్న భవనం పూర్తయింది. మధ్యాహ్నం లారీ వస్తే వేరే పనికి, వేరే ఊరికి. పిల్ల బుడ్డోణ్ణి ఎత్తుకుని దుప్పటి మడతపెడుతోంది. తలెత్తలేదు.

"దీనికి ఇవాళ బడి లేదా?" అన్నాడు మామయ్య.

"ఇంకేం బడి అన్నా! ఈ సామానంతా ఎవరు కడతారు?"

"నేను కడతా."

మేస్త్రీ నవ్వాడు.

"నవ్వకు. బతుకంతా లారీ తోలినవాణ్ణి. గాజు సామాను కొండదారిలో చిట్లకుండా దించినవాణ్ణి. నీ గిన్నెలొక లెక్కా? బుడ్డోణ్ణి ఇటియ్యి."

మేస్త్రీ భార్య వైపు చూశాడు. "వెళ్లనియ్యి, కాసేపేగా" అందామె. ఆ మాట పూర్తయ్యేలోపే పిల్ల పరుగందుకుంది.

బుడ్డోణ్ణి తుండుతో వీపుకు కట్టుకుని మామయ్య తాడు అందుకున్నాడు. లారీ సామానుకు వేసే ముడులను చేతులు మరిచిపోలేదు. ఆ చేతులకు తెలియనిది ఒక్కటే, తన కూతురి పసితనం. అది పుట్టినప్పుడు లారీ ఎక్కడో వంతెన మీద ఆగిపోయి ఉంది. పాకిందట, పళ్లొచ్చాయట, నడిచిందట. అన్నీ 'అట'లే. ఎప్పుడైనా ఇంటికి వెళితే తల్లి వెనక దాక్కుని "ఈ లారీ ఆయన ఎప్పుడెళ్తాడమ్మా?" అని అడిగేది. ఇప్పుడు ఆ కూతురే ఫోను చేసి, "నాన్నా, నా వంతు కూడా ఆ బడి పిల్లలనే ఎత్తుకుంటున్నావట!" అని నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు, కాస్త ఆలస్యంగా.

బస్సు మీది మైకు గరగరలాడింది.

"పీతకు... కొత్త... ఇల్లు... కా... కావాలి."

మేస్త్రీ పట్టుకున్న తాడు జారవిడిచాడు. "ఎవరిదా గొంతు?"

"నాది మాత్రం కాదు."

"మా దానిదే! చూసి చదువుతోందా, బట్టీయా?"

"బట్టీ అయితే ఇన్నిసార్లు ఆగుతుందా?"

తల్లి చేతిలో గిన్నెతో అలాగే ఉండిపోయింది. పీతకు ఇల్లు దొరికేదాకా ముగ్గురూ కదల్లేదు. మామయ్య కళ్లు తుడుచుకుందామంటే తుండు బుడ్డోడి కింద ఉంది.

కథ అయ్యాక మేస్త్రీ అడుగున కాస్త సిమెంటు మిగిలిన బస్తా, తాపీ తీసుకుని భవనం వైపు వెళ్లాడు. ఏదో చివరి పని ఉంది కాబోలనుకుని మామయ్య మూటలు బిగించాడు.

లారీ వచ్చింది. సామాను ఎక్కింది. పిల్ల వచ్చి మామయ్య ముందు నిలబడింది.

"నిద్రపోయావా?"

"నీ పీత పోనిస్తేగా!"

"అక్కడ బస్సు వస్తుందా మామయ్యా?"

"తెలియదమ్మా. టీచరమ్మను కనుక్కోమంటా, మీ నాన్నకు ఫోను చేస్తుంది. ఈలోగా దారిలో కనబడ్డ బోర్డులన్నీ పైకి చదువు, మీ నాన్న చెవులు దిబ్బడేసేలా."

"వింటాలే" అన్నాడు మేస్త్రీ, చేతులకంటిన సిమెంటు దులుపుకుంటూ. బుడ్డోడు మీసం వదలనన్నాడు. వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తల్లికి అందించాల్సి వచ్చింది. లారీ మలుపు తిరిగింది. అందరూ చెయ్యి ఊపారు. దుమ్ము అణిగాక మామయ్య వెనక్కి నడిచాడు.

బస్సు తలుపు కింద టీచరమ్మ కాపలా కాస్తూ నిలబడి ఉంది. "మేస్త్రీ కట్టి వెళ్లాడు. రేపటిదాకా ఎవరూ కాలు పెట్టకూడదట."

పక్క స్థలంలో ఇంకో భవనానికి పునాదులు తవ్వుతున్నారు. బస్సు రోజూ ఈ చోటే ఆగుతుంది, కొత్త పిల్లలు వస్తారు. నేలకూ బస్సుకూ మధ్య ఎత్తు ఎక్కువని, చిన్నవాళ్లను చంకల కింద పట్టుకుని మామయ్యే ఎక్కిస్తుంటాడు. మేస్త్రీ ఎప్పుడు గమనించాడో! మామయ్య నడుం పట్టుకుని వంగి చూశాడు. ఇటుకల మెట్టు, మోకాలికి తగిలినా నొప్పెట్టకుండా అంచులు గుండ్రంగా దిద్ది, పైన తడి గోనెపట్టా కప్పి ఉంది. దాని కింద సిమెంటు ఇంకా పచ్చిగా, చల్లగా ఉంది.