పటేల్ కారు ఎందుకు మరిగింది

నీళ్లు మరిగితే డ్రైవర్ని తిట్టే యజమానుల్ని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కారు కొనేది వాళ్లు, వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునేది వాళ్లు. బానెట్ కింద నుంచి పొగలు లేస్తే మాత్రం తప్పు ముందు కూర్చున్నవాడిది. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన పద్నాలుగేళ్లుగా బండ్లకు కరెంటు పని చేస్తున్నాను. బ్యాటరీలు, డైనమోలు, సెల్ఫులు, హారన్లు, అన్నీ నా చేతి మీదుగా పోయినవే. ఇన్నేళ్లలో ఒక్క యజమాని కూడా నా దుకాణం ముందు దిగి తప్పు నాదే బస్వరాజ్ అన్న పాపాన పోలేదు.

ఈ ఎనభై ఆరు ఎండాకాలంలోనే ఒక శనివారం పొద్దున ఖాజా నా దుకాణానికి వచ్చాడు. కుడిచేతికి మోచేయి దాకా కట్టు. ఖాజా అంటే ఈ రోడ్డు మీద తెలియనివాడు లేడు. జగన్‌మోహన్ పటేల్ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా డ్రైవర్. రాయికోడ్ వైపు పటేల్‌కు చెరుకూ అల్లమూ పండే భూములున్నాయి. ముందు జగన్‌మోహన్ తండ్రి పెద్ద పటేల్‌కు అంబాసిడర్ నడిపాడు, ఏడాదిన్నరగా కొడుకు కొన్న విదేశీ కారును నడుపుతున్నాడు. బొంబాయిలో ఎవరో దొర తన దేశం పోతూ అమ్ముకున్న పాత బండి అది. దాన్ని కొన్ననాటి నుంచి జగన్‌మోహన్ పటేల్ కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అంతకు వారం ముందు రైలు గేటు దగ్గర ఆ కారు మరిగిపోయింది. చక్కెర మిల్లు ఆఫీసర్లకు తన చెరుకు చూపిద్దామని పటేల్ వాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరాడు. గేటు పడింది. పది నిమిషాలు నిలబడేసరికి ముందు నుంచి బుస్సుమని ఆవిరి. ఖాజా దిగి రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతే, వేడినీళ్లు ఎగజిమ్మి చెయ్యి కాలిపోయింది. చెయ్యి కాలినవాణ్ని ముందు దవాఖానకు పంపాలా వద్దా? పటేల్ ఏం చేశాడో తెలుసా, గేటు పక్క హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లందరికీ వినబడేలా అరిచాడు. వీడు నీళ్లు పోయకుండా ఇంజను ఉడకబెట్టాడన్నాడు. ముసలోడయ్యాడు, కళ్లు కనబడవన్నాడు. ఈ రోజు నుంచి వీడు నా డ్రైవర్ కాడన్నాడు.

మా అడ్డా డ్రైవర్లకు ఒక రివాజు ఉంది. ఒకరు దిగిన సీట్లో ఇంకొకరు కూర్చోవాలంటే ముందు దిగినవాణ్ని అడగాలి. అతను కూచో అంటేనే తాళం తీసుకోవాలి. ఎంత పెద్ద యజమాని పిలిచినా సరే, అడగకుండా కూర్చున్నవాడికి అడ్డా మీద ఎవరూ అగ్గిపెట్టె కూడా ఇవ్వరు. కానీ ఇంజను ఉడకబెట్టి దిగినవాణ్ని మాత్రం అడగనక్కర్లేదు. వాడసలు డ్రైవరే కాదని లెక్క. పటేల్ కొత్త డ్రైవర్‌గా లారీలు తోలే దస్తగిర్‌ను మాట్లాడుకున్నాడు. సోమవారం నుంచి పని. దస్తగిర్ వచ్చి అడగలేదు.

ఖాజా వచ్చింది ఆ బాధతోనే. "ఇరవై రెండేండ్లు నడిపిన, బస్వన్న. ఒక్కడన్న వచ్చి అడగలె," అన్నాడు. "కారు నీ దగ్గరనే ఉన్నది గద. జర చూడు. నాది తప్పయితె నా మొఖం మీద చెప్పు, నేను మల్ల స్టీరింగు ముట్ట."

కారు నా దగ్గరే ఉన్న మాట నిజం. ఆవిరికి తడిసి హారన్ మోగడం లేదని పటేల్ దాన్ని నా దుకాణానికే తోయించాడు. నాకు హారన్ బాగుచెయ్యమని చెప్పాడు గానీ, అది ఎందుకు మరిగిందో చూడమని చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? ఎందుకో ఆయనకు ముందే తెలుసు కదా, డ్రైవర్ వల్ల. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

బండి ఎక్కడెక్కడ మరుగుతుందని ఖాజాను అడిగాను. రోడ్డు మీద మరగదట. హైదరాబాద్ దాకా పోయినా వేడి చూపే ముల్లు సగం దాటదట. సంతలోనో గేటు దగ్గరో నిలబడితేనే ఎక్కుతుందట. రోజూ పొద్దున నీళ్లు పోస్తాడట, అతను పోస్తుంటే పటేల్ తల్లి దేవమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంటుందట. పోయిన ఎండాకాలం ఫ్యాను గర్రుమని మోగేది, ఈ ఏడు చప్పుడే లేదట. ఆ సంగతి ఉగాదికి ముందే పటేల్‌కు చెబితే, నడపడం నీ పని, అంతవరకు చూసుకో అన్నాడట. వింటుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటిదాకా ఆ కారు బానెట్ నేను ఎత్తి చూడలేదు. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది, ఇంజను ఆగితే ఆగుతుంది. దీనికి అట్లా కాదు. రేడియేటర్‌కు ఆనించి ఒక చిన్న కరెంటు మోటారు, దానికి ఫ్యాను. రోడ్డు మీద పోతుంటే గాలి తగిలి నీళ్లు చల్లబడతాయి. నిలబడ్డప్పుడు ఈ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే మరగక ఏం చేస్తుంది?

రెక్కను వేలితో తిప్పాను, తేలిగ్గా తిరిగింది. బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా మోటారుకు ఇస్తే హోరున తిరిగింది. మోటారు బాగుంది. ఫ్యూజు తీసి చూశాను, అదీ బాగుంది. రేడియేటర్ కింది భాగంలో ఒక ఇత్తడి స్విచ్చు బిగించి ఉంది. నీళ్లు బాగా వేడెక్కినప్పుడు అది కలిసి ఫ్యానుకు కరెంటు ఇస్తుందని తీగల దారి చూస్తే అర్థమైంది. ఆ స్విచ్చుకొచ్చే తీగకు టెస్టు బల్బు పెట్టాను. వెలగలేదు. అంటే అక్కడిదాకా కరెంటే రావడం లేదు. తీగను పట్టుకుని వెనక్కి పోయాను. బ్యాటరీ దించి, కింది రేకు విప్పేసరికి దొరికింది. తీగ కత్తిరించి ఉంది. ఎలుక కొరికింది కాదు, వేడికి తెగింది కాదు. పట్టకారుతో నున్నగా కత్తిరించి, రెండు కొసలకూ నల్ల టేపు చుట్టి, కనబడకుండా లోపలికి మడిచి పెట్టారు.

ఖాజా ఆ కొసల్ని ఎడమచేత్తో తడిమి చూశాడు. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు. "అయితె నాది కాదు," అన్నాడు. అతని కళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే అంతకు రెండింతలు కోపం వచ్చింది. ఎవడు చేశాడో గానీ వాడి చేతులు విరిగిపోను అని నోటికొచ్చినట్టు తిట్టాను. బానెట్ కింద పని చేసేవాడికి ఒక ధర్మం ఉండొద్దా అన్నాను. ఇట్లాంటివాణ్ని రోడ్డు మీద నిలబెట్టి అడగాలన్నాను.

తీగ కలిపాను. నీళ్లు పోసి, ఇంజను స్టార్టు చేసి ఉన్నచోటనే ఉంచాను. పావుగంటకు ముల్లు సగం దాటింది, ఫ్యాను దానంతట అదే తిరిగింది, ముల్లు కిందికి దిగింది. ఇంజను ఆపి తాళం చెవి తీశాను. ఫ్యాను ఆగలేదు. తీగ తప్పు కలిపానేమో అని ఒక్క క్షణం భయపడ్డాను. రెండు నిమిషాలకు నీళ్లు చల్లబడగానే అదే ఆగింది. దాని తరీకా అంతే అన్నాడు ఖాజా, పోయిన ఏడు రోజూ చూసేవాడట.

ఇక ఆగలేదు నేను. ఖాజాను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బస్టాండ్ వెనక పటేల్ ఇంటికి పోయాను. వాకిట్లోనే నిలబడి అడిగాను, ఫ్యాను తీగ ఎవరు కత్తిరించారని. పటేల్ పేపరు మడిచాడు. మొహంలో జంకూ లేదు, గొంకూ లేదు.

"నేనే కోయిపిచ్చిన. మా బోరు మోటార్లు చూసే ఎంకయ్యతోని," అన్నాడు. "చాబీ తీసినంక గూడ లోపల ఏదో తిరుగుతున్నదని మా అమ్మ భయపడ్డది. ఖాజాను అడిగితె అది గంతే అన్నడు. డ్రైవర్ మాట నమ్ముతమా? నిన్నే అడిగిన గద, బస్వరాజ్. దసరా ముంగట, హోటల్ల. ఏమన్నవ్ నువ్వు?"

నేనేమన్నానో అప్పుడు గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు చేతిలో ఉంది. పటేల్ నిలబడి అడిగాడు, నేను కూర్చునే చెప్పాను. తాళం తీశాక ఫ్యాను తిరగడమేంది, ఎక్కడో తీగ డైరెక్టు అయింది, బ్యాటరీ దిగిపోతుంది, కోసి పారెయ్యమన్నాను. కారు చూడలేదు. బానెట్ ఎత్తలేదు. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ లేనిది లోకంలోనే ఉండదనుకున్నాను. ఖాజా ఆ నాలుగు రోజులు తమ్ముడి పెళ్లికి న్యాల్‌కల్ పోయి ఉన్నాడు. వచ్చాక అతనికి ఒక్కరూ చెప్పలేదు. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఆ గింజను నేనే. పొద్దటి నుంచి తిట్టిన తిట్లన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఖాజా నా వైపు చూడకుండా చేతి కట్టు సర్దుకున్నాడు. తిట్టినా బాగుండేది. పటేల్ మాత్రం నవ్వాడు. చూసినవా, తప్పు మెకానిక్‌ది, నాదేముంది అన్నాడు. మరి ఖాజాను ఎందుకు తిట్టారని అడిగితే, అయిందేదో అయిపోయింది, సోమవారం నుంచి దస్తగిర్ వస్తున్నాడు కదా అన్నాడు. ఇరవై రెండేళ్ల మనిషి పేరు మట్టిలో కలిపి, అయిందేదో అయిపోయిందట. తీగ కోయమన్న నోరు నాదే, ఒప్పుకుంటాను. నీళ్లు పోయలేదని అబద్ధమాడిన నోరు ఎవరిది?

ఆ సాయంత్రం గేటు దగ్గర హోటల్‌కు పోయాను. డ్రైవర్లు నిండుగా ఉన్నారు, దస్తగిర్ కూడా ఉన్నాడు. పద్నాలుగేళ్ల పేరు నాది. అయినా బల్ల పక్కన లేచి నిలబడి మొత్తం చెప్పాను. కారు చూడకుండా సలహా ఇచ్చింది నేనని, కోయించింది పటేల్ అని, ఫ్యాను మోగడం లేదని చెప్పినవాడు ఖాజా ఒక్కడేనని. ఖాజా రోజూ నీళ్లు పోశాడని, చెయ్యి కాల్చుకుంది కూడా ఆ బండిని కాపాడబోయేనని చెప్పాను. ఒకడు మా లారీ తీగలు కూడా కూర్చునే కోస్తావా బస్వన్నా అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. మర్నాడు ఇద్దరు తమ బ్యాటరీలు నా దగ్గర నుంచి తీసుకుపోయారు. అదీ న్యాయమే.

దస్తగిర్ మాత్రం నవ్వలేదు. సాసరు కింద పెట్టి, మూలన కూర్చున్న ఖాజా దగ్గరకు పోయి, అందరి ముందూ అడిగాడు. "భాయ్, నీ సీట్ల నన్ను కూసొమ్మంటవా?"

"వద్దు," అన్నాడు ఖాజా.

అంతే. ఆ మాట తర్వాత ఆ కారు తాళం ఎవరూ ముట్టుకోలేదు. పటేల్ సదాశివపేట దాకా మనిషిని పంపాడు. అక్కడి డ్రైవర్లు ఖాజాను అడిగారా అని అడిగారట. కారు నా దుకాణం ముందే పదకొండు రోజులు నిలబడింది. ఫ్యాను బాగుంది, హారన్ బాగుంది, నడిపేవాడే లేడు. పటేల్‌కు స్టీరింగు పట్టడం రాదు. రాయికోడ్ బస్సులో, గంపల మధ్య నిలబడి పోతుంటే నేను కళ్లారా చూశాను. నాకు సంతోషంగానే ఉంది, లేదని చెప్పను.

పన్నెండో రోజు పటేల్ హోటల్‌కు వచ్చాడు. మిల్లు ఆఫీసర్లు మళ్లీ వస్తామన్నారట. తిన్నగా ఖాజా బల్ల దగ్గరకు పోయి, వంగి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. పక్క బల్ల మీదున్న నాకే సగం వినబడింది. తప్పు నాదే, పనికి రా అన్నట్టుంది. హోటల్లో అందరూ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు.

ఖాజా లేచి నిలబడ్డాడు. కాలిన చేతిని ఛాతీకి ఆనించుకుని, ఎప్పటిలాగే మర్యాదగా అన్నాడు.

"జర గట్టిగ చెప్పుండ్రి, పటేల్ సాబ్. ఆ దినం గట్టిగనే చెప్పిన్రు గద."