నాభి గడ్డ గీసిన గీత

నేను ఒక గుండె మిషన్ని. డాక్టర్లు మానిటరంటారు, రోగుల వెంట వచ్చినవాళ్లు టీవీ అంటారు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, పట్నంలోని నర్సింగ్ హోంలో గొప్పింటి గుండెల్ని కొన్నాళ్లు చూశాను. కొత్తది రాగానే నన్ను ఈ చిన్న ఊరి ఆసుపత్రికి దానం చేశారు. నా మీద రాయించుకున్న దాత పేరు నా తెరకంటే పెద్దది.

మనుషులు నోటితో ఎన్ని చెప్పినా, ఛాతీకి తీగలు తగిలిస్తే నిజం బయటపడుతుందని నాకు మహా గర్వం. దమయంతి వచ్చిన రోజున అది అణిగింది.

జీడిపప్పు బట్టీలో పనిచేసే పిల్ల. వాంతులు, మూతి తిమ్మిరి. పొద్దున తిన్న చద్దన్నం పడలేదని ఆమె అత్త గున్నమ్మ చెప్పింది. నా తెర మీద గీత మాత్రం పిచ్చెత్తినట్టు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఎగిరిపడుతోంది. లయ తప్పిందని గోలపెట్టగలను గానీ, ఎందుకు తప్పిందో చెప్పలేను. ఆకో వేరో ఏదైనా తిన్నదా అని డాక్టర్ నీరజ మళ్లీ మళ్లీ అడిగింది. గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. చెబితే కోడలికి విషం పెట్టిన అత్త అంటారు, చెప్పకపోతే కోడలు దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అంతలో గీత పూర్తిగా చెదిరిపోయింది. షాకిచ్చారు. దమయంతి ఒళ్లు మంచం మీద ఎగిరిపడటం చూసి గున్నమ్మ నోరు తెరిచింది.

“నాభి గడ్డ కషాయమమ్మా. నడుంనొప్పికని నానే కాసి ఇచ్చినాను.”

నాభి అనే ఆ విషపు దుంపను ఆవు పంచితంలో రోజుల తరబడి నానబెట్టి, విషం విరిచాకే మందుకు వాడాలని ఆమెకు తెలుసు. ఆవును అమ్మేసుకున్నారు. గేదె పంచితం శుద్ధికి పనికిరాదాయె. పోనీలే అని నీళ్లతో కడిగి కాచేసింది.

విషమేదో తెలిశాక నీరజ మందు మార్చింది. గీత కాస్త కుదురుకున్నా మధ్యమధ్య తడబడుతూనే ఉంది. పెద్దాసుపత్రికి పంపేందుకు అంబులెన్సుకు ఫోన్ చేయించి, కషాయం ఇంకెవరైనా తాగారా అని నీరజ అడిగింది. గున్నమ్మ మాట ముద్దముద్దగా వచ్చింది.

“మిగిలింది పారబొయ్యలేక నానూ తాగీసినాను.”

ఆమెను పక్క మంచం మీద పడుకోబెట్టారు. ఆ గదిలో నాలాంటిది మరొకటి లేదు. నర్సు దమయంతి తీగల మీద చెయ్యి వేసి డాక్టర్ వైపు చూసింది. గున్నమ్మ ఆ చేతిని పట్టుకుంది.

“పిల్లకే ఉంచమ్మా. అది బతికితే నాకు సాలు.”

నీరజ గున్నమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చుంది. నేను దమయంతి గీతనే గీస్తూ ఉండిపోయాను. జానెడు దూరంలో ఉన్న ఆ రెండో గుండె ఎలా కొట్టుకుంటోందో నాకు తెలియలేదు.