మంచు తోసే ఇంజన్ ధర

కళ్ళజోళ్ళ షాపాయన్ని ఆదివారం పూట ఎవరూ ఆ పేరుతో పిలవరు. వారమంతా జనాల ముక్కుల మీద అద్దాలు సర్దే ఆ మనిషి, మూతపడ్డ సినిమా హాలు వరండాలో పాత బొమ్మల కార్డుల బల్ల ముందు కూర్చోగానే భూతద్దం అయిపోతాడు. జేబులోంచి అది తీసి కార్డు మీదికి వంగాడంటే అవతలివాడు ఊపిరి బిగబట్టాల్సిందే. అంచు కాస్త పాలిపోయినా, వెనక వైపు ఏ కాలంనాటిదో టీ మరక ఉన్నా ఆ కంటికి దొరక్కుండా పోదు. బేరంలో ఇద్దరు బిగుసుకుపోయి మాటా మాటా పెరిగితే, "పద, భూతద్దాన్నే అడుగుదాం" అనుకునేవాళ్ళు. ఆయన ఒక అంకె చెప్పేవాడు. అమ్మేవాడూ గొణిగేవాడు, కొనేవాడూ గొణిగేవాడు, చివరికి ఇద్దరూ ఆ అంకెకే ఒప్పుకునేవాళ్ళు. ఇద్దరూ సమానంగా గొణిగితే అది న్యాయమైన ధరేనని ఆయన లెక్క.

ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా మోజు. "షాపులో కంటే ఆ వరండాలోనే మీకు గౌరవం ఎక్కువ" అని భార్య దెప్పితే, కాదనకుండా మీసాల చాటున నవ్వుకునేవాడు.

అక్కడ చేరేవాళ్ళంతా వెతికేది ఎప్పుడో వాళ్ళ చిన్నప్పుడు బిస్కట్ ప్యాకెట్లలో వచ్చిన రైలింజన్ల కార్డుల్ని. మొత్తం యాభై రకాలు. భూతద్దం ఆల్బంలో ఒక్క గడి ఖాళీ. ముందు భాగానికి పెద్ద పార తగిలించుకుని మంచు తోసుకుంటూ పోయే ఇంజన్ బొమ్మది. దాన్ని తక్కువ ప్యాకెట్లలో వేశారో, పిల్లలే ఆడి ఆడి చింపేశారో గానీ, మంచి కార్డు దొరకడం గగనమైపోయింది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, ఆల్బం తెరిచినప్పుడల్లా ఆయన చూపు ఆ ఖాళీ గడికే పోయేది.

అలా ఉండగా ఒక ఆదివారం టైలరమ్మ వచ్చింది. మార్కెట్ వీధిలో మెట్ల కింద చిన్న గదిలో కుట్టుపని చేసుకునే మనిషి. కళ్ళజోళ్ళ షాపుకి కర్టెన్లు కుట్టింది ఆవిడే. ఆ పరిచయంతో నేరుగా ఆయన బల్ల దగ్గరికే వచ్చింది.

"అన్నయ్యా, మా మేనమామ ఇల్లు మారుతూ ఈ డబ్బా తెచ్చి నా నెత్తిన పెట్టాడు. పారేద్దామనుకుంటే, వీటికి డబ్బులిచ్చేవాళ్ళున్నారట ఆగవే అన్నాడు మా ఆయన. నిజమేనా? గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ కొనుక్కోవాలని ఎప్పట్నుంచో చూస్తున్నా. అందులో కొంతైనా కలిసొస్తుందేమోనని తెచ్చా."

డబ్బా మూత తీసింది. అన్నిటికంటే పైన ఉన్నదే మంచు తోసే ఇంజన్. నాలుగు మూలలూ వాడిగా ఉన్నాయి. రంగు నిన్న మొన్న అచ్చేసినట్టుంది.

భూతద్దం ఖాళీ గడికి కావలసింది అదే. అయినా ముఖంలో ఏదీ కనపడనివ్వలేదు. బల్ల ముందు కూర్చోగా కూర్చోగా అబ్బిన విద్య అది. పక్క బల్ల దగ్గర కూర్చునే పాత పోస్టుమాన్ మెడ సాచి చూశాడు. ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి గానీ నోరు మాత్రం విప్పలేదు. ఆ వరండాలో అదొక కట్టుబాటు. ఇద్దరి మధ్య ఒక కార్డు మీద మాట నడుస్తుంటే, అది తేలేదాకా మూడోవాడు తలదూర్చకూడదు. తేలడానికి నెల పట్టినా సరే.

"ఊఁ..." అని పెదవి విరిచాడు భూతద్దం. "ఫరవాలేదు గానీ, మూలలు నలిగాయమ్మా. అంచు కూడా అంత తిన్నగా లేదు. నీటుగా ఉంటే ఆ సంగతి వేరు."

"నలిగాయా?" ఆవిడ కార్డుని వెలుతురుకి తిప్పి చూసింది. "నాకేం కనపడ్డం లేదే."

"నీకు కనపడితే ఇంక నాకీ అద్దం దేనికి?" అని నవ్వి ఒక అంకె చెప్పాడు. అది అసలు ధరలో మూడో వంతు.

ఇక్కడ ఆయన తరఫున కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడని ముంచుదామని ఆయనకి లేదు. బేరం అంటే ఎలా ఉంటుంది? కొనేవాడు వంక పెడతాడు, అమ్మేవాడు నెత్తీనోరూ కొట్టుకుంటాడు, వీడు ఒక మెట్టు ఎక్కుతాడు, వాడు ఒక మెట్టు దిగుతాడు, ఎక్కడో ఒకచోట ఇద్దరికీ కుదురుతుంది. ఆవిడ "ఇదేం దోపిడీ అన్నయ్యా" అంటుందని, తను కాస్త పెంచుతానని, అలా అలా సరైన ధరకే చేరతామని ఆయన ధీమా. ఈ ఆట లోకంలో అందరికీ పుట్టుకతోనే వచ్చనుకున్నాడు ఆ మహానుభావుడు.

టైలరమ్మ బేరమే ఆడలేదు. కార్డుని కాసేపు తేరిపార చూసి, "అయితే వచ్చే ఆదివారం తెస్తాలెండి" అని డబ్బా మూత పెట్టుకుని చక్కా వెళ్ళిపోయింది.

ఆ వారం ఆయనకి అన్నం సయించలేదు. షాపుకొచ్చిన పెద్దాయనకి దగ్గరి చూపు అద్దాలివ్వబోయి దూరపు చూపువి తగిలించి పంపాడు.

"అడిగినంత ఆవిడ చేతిలో పెట్టేస్తే పీడా పోయేది కదా," అంది భార్య.

"అడిగితే కదా పెట్టడానికి! అసలు నోరే తెరవలేదు. గట్టి పిండంలా ఉంది," అన్నాడు. అన్నాడే గానీ, ఇంకెవరికైనా అమ్మేసిందేమోనని లోపల ఒకటే గుబులు. ఇక బేరాలు కట్టిపెట్టి, రాగానే పూర్తి ధర ఇచ్చేయాలని డబ్బు విడిగా తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఇంకా బల్లలు సర్దుతుండగానే టైలరమ్మ వచ్చేసింది. ముఖం కళకళలాడుతోంది. డబ్బా బల్ల మీద దించి, పాత గుడ్డలో చుట్టి తెచ్చిన కార్డుని ఆయన ముందు పెట్టింది.

"చూడండి అన్నయ్యా. ఇప్పుడు చెప్పండి ధర."

కార్డు నాలుగంచులూ కొత్త తెలుపుతో మెరుస్తున్నాయి. బొమ్మ చుట్టూ ఉండాల్సిన పసుపు గీత సన్నగా దారంలా మిగిలింది.

"స్కేలు పెట్టి నా పెద్ద కత్తెరతో కోశాను," అంది. "నలిగిన మూలలన్నీ పోయాయి. నాలుగు వైపులా కొలుచుకోండి, వెంట్రుకవాసి తేడా ఉంటే అడగండి."

పోస్టుమాన్ గొంతులోంచి ఏదో చప్పుడు బయటికొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చుకుని తల తిప్పేసుకున్నాడు. కత్తెర తగిలిన కార్డుకి ఆ వరండాలో టీ డబ్బులు కూడా రావు.

భూతద్దం కార్డు తీసుకుని అంచు వెంట వేలితో తడిమాడు. ఆయనకి తోచిన మాట చెప్పకుండా దాచడం దేనికి? కోసిన కార్డు కోసిన కార్డే. "ఇలాంటిది ఎవరూ కొనరమ్మా, పోనీలే, ఏదో ఒకటి ఇచ్చి నేనే తీసుకుంటా" అంటే చాలు, ఆవిడ దండం పెట్టి మరీ ఇచ్చి వెళ్తుంది. ఖాళీ గడి నిండుతుంది. జేబులో డబ్బు జేబులోనే ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మిగతావి కూడా ఇలాగే నలిగుంటాయి కదా," ఆవిడ డబ్బా మీద తట్టింది. "ఇంటికెళ్ళి వాటినీ కోసేస్తా. ముందు ఇదొక్కటి మీకు చూపించి, సరిగ్గా వచ్చిందో లేదో అడుగుదామని ఆగాను."

ఆయన చటుక్కున డబ్బా మీద చెయ్యి పెట్టాడు.

"వద్దమ్మా. ఒక్కదాన్ని కూడా కొయ్యకు."

"ఏం, వంకర పోయిందా?"

"లేదు, చక్కగా కోశావు. అసలు కోయాల్సిన పనే లేదు. దాని మూలలకి ఏమీ కాలేదు. ధర తగ్గించడానికి నేనలా అన్నాను."

సర్దుతున్న బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఆయన తలెత్తకుండానే, కత్తెర పడక ముందు ఆ కార్డు ఎంత చేసేదో కూడా చెప్పేశాడు. ఓవర్‌లాక్ మెషిన్‌లో సగం ధర.

ఆవిడ ముఖం ఎర్రబడింది. నలుగురిలో కడిగిపారేస్తుందనుకున్నాడు. కడిగేసినా బాగుండేది.

"నిన్న కుట్టాల్సినవన్నీ పక్కన పెట్టి దీని ముందు కూర్చున్నాను," అంది మెల్లగా. "చెయ్యి వణికితే పాడైపోతుందని ఊపిరి కూడా పీల్చకుండా కోశాను. అన్నయ్య చూపించిన తప్పు కదా, దిద్దుకోవాలని."

ఆయనకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. జేబులోని డబ్బు తీశాడు. అది ముందే అనుకుని తెచ్చానని చెప్పబోయి నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు?

"మొత్తం ధర నేనిస్తా. తీసుకోమ్మా."

"కోసిందానికా?"

"కోసిందానికే."

"వద్దులే అన్నయ్యా, సగం చాలు" అని ఆవిడ అంటుందేమో, దాంతో తన తప్పు కూడా సగమైనట్టుంటుందేమో అని మనసులో ఏ మూలో ఒక పిచ్చి ఆశ. ఆవిడ అనలేదు.

"మా పనిలో, కొలత తప్పు చెప్తే గుడ్డ నష్టం చెప్పినవాళ్ళదే," అని చెయ్యి చాచింది. తీసుకున్న డబ్బుని ఆయన ముందే సరిచూసుకుని పర్సులో పెట్టుకుంది. డబ్బా చంకన పెట్టుకుని పక్క బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, మిగతావి మీరు చూసి ధర చెప్తారా?"

పోస్టుమాన్ కంగారుపడ్డాడు. డబ్బాలోంచి ఒక కార్డు తీసి, ఎప్పటి అలవాటుగా భూతద్దం వైపు చూశాడు.

"ఆయన్ని చూడకండి. కార్డు చూడండి," అంది టైలరమ్మ.

పోస్టుమాన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. చివరికి గొంతు సవరించుకుని ఒక అంకె చెప్పాడు. న్యాయమైన ధరే. భూతద్దమైనా అంతే చెప్పేవాడు, కానీ అడిగింది ఆయన్ని కాదు.