పని అయిపోయింది

మాది ఇస్త్రీ కొట్టు. జబ్బు ముదిరాక మా ఆయన ఒకే చొక్కాని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇస్త్రీ చేసేవాడు. ముడత లేదు మొర్రో అన్నా వినేవాడు కాదు. చేతులు వాటంతట అవే ఎగిరిపడుతున్నా పెట్టె వదిలేవాడు కాదు. కాలర్ మాడేది, వేళ్ళు కాలేవి, పక్కన కంచంలో అన్నం చల్లారిపోయేది. తిండిలేక మనిషి పుల్లలా అయ్యాడు.

ఈ నరాల జబ్బు మా అత్తగారి నుంచి వచ్చింది. ఆవిడ తలుపు గడియ పడిందో లేదోనని చూసిందే చూసుకుంటూ మంచాన పడి కన్నుమూసింది. అందరూ చాదస్తమనుకున్నారు.

అరిచాను, ఏడ్చాను, పెట్టె దాచేశాను. దాస్తే గోడకేసి తల బాదుకున్నాడు. ఇంటికొచ్చే నర్సమ్మ నన్నే కసిరింది.

"వాదిస్తే ఇంకా బిగుసుకుంటాడమ్మా. ఆ పట్టు ఆయనది కాదు, జబ్బుది. ముగిసిందని తెలిసేలా రోజూ ఒకటే మాట చెప్పు, నెమ్మదిగా. వెంటనే ముద్ద నోటికందించు."

బట్టల మూట కట్టేటప్పుడు మేమనుకునే మాటే పట్టుకున్నాను. "పని అయిపోయింది" అంటూ భుజం మీద చెయ్యి వేసేదాన్ని. మొదట్లో నా మొహం చూసి మళ్ళీ మొదలెట్టేవాడు. కొన్నాళ్ళకి, నమ్మితే నమ్మండి, ఆ మాట వినగానే పెట్టె పక్కన పెట్టి కంచం ముందు కూర్చునేవాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇవాళ కొట్టు ముందు ఒకావిడ బట్టల కోసం ఒకటే తొందర. నేను మూట కడుతుంటే వెనకనుంచి ఆయన ఏదో అడిగాడు. మాట ముద్దముద్దగా వస్తుంది కదా, చివర 'అయిపోయిందా' అన్న ముక్కే వినబడింది. తల తిప్పకుండానే, "ఆఁ, పని అయిపోయింది" అన్నాను.

పెట్టె చప్పుడు ఆగింది. చూస్తే, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. బట్టలకొచ్చినావిడ నోరు నొక్కుకుంది.

"అదేంటమ్మా, అంత మాట అనేశావు? 'నా పని అయిపోయిందా' అని కదా ఆయన అడిగింది!"

"అయ్యో, చొక్కా సంగతనుకున్నానయ్యా!" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ముద్ద పెడితే పెదవి విప్పలేదు. అయిపోలేదయ్యా, అయిపోలేదని ఎంత మొత్తుకున్నా తలకెక్కలేదు. ఒక్క మాటకే ఆగేలా అలవాటు చేసింది నేనే, ఇంక ఎవరిననేది?

సాయంత్రమైంది. మడతపెట్టిన చొక్కా విప్పి, రెండు చేతులా కసిగా నలిపి ఆయన ముందు పరిచాను. పెట్టె వేడిచేశాను.

"అన్నీ ముడతలేనయ్యా, చూడు. చెయ్యవయ్యా. తెల్లవార్లూ చేసుకో, కాల్చుకో, నేనేమీ అనను."

ఆయన ఆ నలిగిన చొక్కాని అలాగే మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"అయిపోయిందన్నావుగా" అన్నాడు.