వేషం లేని నాటిక

కుట్టుమిషను మీద జాకెట్టు చెయ్యి తిరుగుతోంది, సంతోషమ్మ నోట్లో డైలాగు తిరుగుతోంది. దారపుండల డబ్బాకు ఆనించి పెట్టిన ఫోన్లో నాటిక ఉంది. ఎడంచేత్తో గుడ్డ నెడుతూ, మధ్యమధ్యలో కుడిచేతి చూపుడువేలితో పేజీ పైకి జరుపుతూ, "ఒరే, నన్ను కూడా ముగ్గురూ పంచుకోండిరా!" అని ఒక్క కేక పెట్టింది. కర్నూలు పాతబస్తీలో ఆ సందు ఎంతుందో అంతా వినిపించింది.

జాకెట్టు కోసం వచ్చిన సబీనా గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరితో కొట్లాడుతాండావక్కా?"

"నా కొడుకుల్తోనే. ఆస్తి పంచుకుంటాండారు."

సంతోషమ్మకు కొడుకులు లేరు, ఆస్తి అసలే లేదు. సబీనా నవ్వుకుంటూ జాకెట్టు తీసుకుని పోయింది.

సంతోషమ్మకు యాభై దాటాయి. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, రంగు పూసీ పూసీ గరుకుబారిన బుగ్గలు. గొంతు మాత్రం మైకును పక్కన పెట్టమనే గొంతు. పగలు బట్టలు కుట్టేది, నాటక పరిషత్తు పోటీలు వచ్చాయంటే ఏ ఊరి నాటక సమాజం పిలిచినా పోయి ఆడవేషం కట్టేది. అన్ని ఊర్లూ తిరిగే మనిషి కదా, కొత్తగా రాసేవాళ్లు నాటిక పూర్తికాగానే ముందు ఆమె వాట్సాప్‌కే పంపేవాళ్లు. సమాజాల వాళ్లు కూడా "అక్కా, ఈసారి ఏం నాటిక వేద్దాం?" అని ఆమెనే అడిగేవాళ్లు. ఆమె చెప్పేది. చెప్పిన ప్రతిదాంట్లో ఆమెకొక వేషం ఉండేది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టలేదు. పొట్టకూటి విద్య, ఆ మాత్రం చూసుకోకపోతే ఎట్లా!

ఈ ఏడు మాత్రం ఫోను మోగలేదు. ఒక సమాజం వాళ్లకు కోడలి వేషానికి కోడలి వయసు పిల్లే దొరికిందట. ఇంకో సమాజం మూతబడింది. మిగిలింది బేతంచెర్ల వాళ్లొక్కరే. వాళ్లు కూడా పిలవకపోతే తన ఆట ముగిసినట్టేనని సంతోషమ్మకు తెలుసు. ఆ భయంతో తనే వాళ్లకు ఫోను చేసి, కొత్త నాటికలతో ఆదివారం వస్తానని చెప్పింది.

ఆమె దగ్గర రెండు కొత్తవి ఉన్నాయి. ఒకటి క్రాంతి కుమార్ అనే ఆయన రాసిన ముగ్గురు కొడుకుల నాటిక. తల్లి వేషం, చివర్లో నేల మీద పడి ఏడ్చే ఏడుపు. అట్లాంటి ఏడుపులు సంతోషమ్మకు మంచినీళ్ల ప్రాయం. రెండోది కడప దిక్కు స్తుతి అనే అమ్మాయి రాసిన ఏకపాత్ర. బెంగళూరు బట్టల కంపెనీలో పనికి బయల్దేరిన పంతొమ్మిదేళ్ల పిల్ల బస్టాండులో కూర్చుని తల్లితో ఫోన్లో మాట్లాడడం, అంతే కథ. నిన్న దాన్ని చదువుతూ కూర్చుని సంతోషమ్మ చేతిలో ఉన్న జాకెట్టుకు చేతులు తారుమారు చేసి కుట్టింది. అయినా సరే, బేతంచెర్ల పోయే రైల్లో కూర్చుని గట్టిగా అనుకుంది: ముగ్గురు కొడుకులదే చెప్పాలి. ఇంకో ఆలోచనే లేదు.

రాఘవేంద్రప్రసాద్ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని, నాటక సమాజానికి పెద్ద. ఆదివారం కాబట్టి యంత్రాలు ఆగి ఉన్నాయి, రాతిపిండి ఆవరణంతా తెల్లగా ఎండిపోయి ఉంది. దిమ్మెల మీద పరిచిన పెద్ద నాపరాయే వాళ్లకు బల్ల. దాని చుట్టూ ప్రసాద్, పాలిష్ పని చేసే రబ్బానీ, ఫ్యాక్టరీలో లెక్కలు రాసే తనూజ కూర్చున్నారు. రబ్బానీ సమాజంలో హీరో, తనూజ తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పే పిల్ల.

ముగ్గురు కొడుకుల కథ చెప్పింది సంతోషమ్మ. ప్రసాద్ తల ఊపాడు. "బాగుండాది. ఇంకోటేదో ఉండాదంటివే ఫోన్లో?"

అది బాగలేదంటే సరిపోయేది. నోరు వినలేదు. "ఉండాదప్పా. ఒక్కర్తే ఆడేది" అని కథ మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ చదవడంలోకి పోయింది, ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. తిండి లేని పిల్ల తల్లితో "తిన్నానమ్మా, బాగా తిన్నా" అనే చోట కన్నీళ్లు బుగ్గల మీదుగా కారిపోయాయి. అయిపోయేసరికి ప్రసాద్ తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు.

"ఇదే ఏద్దాం అక్కా. నువ్వే చెయ్యాల."

అబ్బ! సంతోషమ్మకు ప్రాణం లేచొచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల వేషం, ఒక్కతే, స్టేజీ అంతా తనది. ముప్పై ఏళ్లుగా ఇట్లాంటి మాట కోసమే కదా ఊర్లు పట్టుకుని తిరిగింది!

"ఆ పిల్ల బస్సెక్కుతుందా మేడం?" అని అడిగింది తనూజ మెల్లగా. "నేను ఎక్కినా. బెంగళూరులో ఆర్నెల్లు ఉంటి."

సంతోషమ్మ ఆ పిల్ల వైపు చూసి, ఫోను చేతికిచ్చింది. "చదువు."

తనూజ చదివింది. రెండు చోట్ల మాటలు మింగేసింది. "తిన్నానమ్మా, బాగా తిన్నా" దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేలచూపులు చూస్తూ, ఏమీ కానట్టు, రోజూ చెప్పే మాటలాగా చెప్పింది. కళ్లలో చుక్క నీళ్లు లేవు.

సంతోషమ్మకు అప్పుడు తెలిసింది. ఏడిస్తే అవతల తల్లికి తెలిసిపోదూ? ఆ పిల్ల ఏడవకూడదు. ఇంత చదివీ ఆ ఒక్కటి తనకు తట్టలేదు. తనేమో ఏడ్చి ఏడ్చి చెప్పింది.

"ఈ పాపతో చేయించప్పా" అంది.

"యాడన్నా ఉందా అక్కా! ఆ పాప స్టేజే ఎక్కలా. నువ్వు రంగేసి జడేసుకుంటే ఇరవై ఏండ్ల పిల్లవే."

సంతోషమ్మ చెయ్యి వెనక్కి పోయింది. పిన్నులు లాగి, సవరం ఊడదీసి రాతి మీద పెట్టింది. వెనక మిగిలింది బొటనవేలంత పిలక. "నాదంటే ఇంతే, చూడు. ఇదేసుకుని ఇరవై ఏండ్లు శానా సార్లు ఆడినా. దీంట్లో ఆడకూడదు."

"మరి నీకు వేషమక్కా?" అన్నాడు రబ్బానీ.

"దీంట్లో నాకు లేదు."

ప్రసాద్ తువ్వాల మడిచి భుజాన వేసుకుని, "సరేలేక్కా" అన్నాడు.

సంతోషమ్మ నాటికను తనూజ ఫోనుకు పంపింది. "నేను ఏడ్చినట్ల ఏడ్చొద్దు పాపా. నువ్వు చెప్పినట్లే చెప్పు" అని, పిలకను వేలితో ముడి చుట్టుకుని లేచింది. రబ్బానీ బండి తీస్తానన్నా వద్దంది. దాచడమెందుకు, ఆ పిల్లను చూస్తే ముద్దొస్తోంది, లాగి ఒకటి కొట్టాలనీ ఉంది. పైట కొంగు తలమీదుగా కప్పుకుని గేటు దాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి చూసింది.

తనూజ లేచి నిలబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడుతోంది. సవరం తెచ్చిమ్మని పిలుద్దామని సంతోషమ్మ నోరు తెరిచింది, పిలవలేదు. నాపరాయి మీద సవరం చుట్టచుట్టుకుని పడి ఉంది, దాని ముడిలో చిక్కుకున్న రెండు తెల్ల వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి.