నాలుగు వేళ్ల సందు

బిల్డింగుల ఫోటోలు తీసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. గోడ కాస్త వంకరగా కనిపిస్తే చాలు, చేతులు దురద పెడతాయి. బందరు శ్రీలలితకి ఆ జబ్బు ఇంట్లోనే అంటింది. వాళ్ల నాన్న భీమశంకరంగారు ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేశారు. నిలువు గీత నిలువుగా లేకపోతే సొంత కూతురని కూడా చూడకుండా చెవి మెలిపెట్టేవారు.

కెమెరా తల ఎత్తి చూసిందంటే ఎంత మంచి బిల్డింగైనా పైకి పోయేకొద్దీ లోపలికి వాలినట్టు పడుతుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆ వాలును లాగి నిటారుగా నిలబెట్టాలి. అది మోసమేం కాదు, పనిలో భాగం. మే నెలలో తాడిరేవు తుఫాను షెల్టరుని కూడా శ్రీలలిత అలాగే తీసింది. కోడూరు అవతల, రొయ్యల చెరువు గట్టున, పన్నెండు స్తంభాల మీద ఎత్తుగా నిలబడిన మేడ. కింద అంతా ఖాళీ, పైన హాలు. కొత్తగా రంగు వేసిన ఆ తెల్లటి మేడ ఫోటోలో ఎంత ఠీవిగా వచ్చిందంటే, ఫోటో తీయమని పంపిన సర్కారు ఆఫీసువాళ్లు దాన్ని పెద్దది చేయించి, లామినేషన్ కొట్టించి, షెల్టరు మెట్ల దగ్గరే తగిలించారు.

ఇప్పుడు నవంబరు. తుఫాను ఆ రాత్రికే తీరం దాటుతుందని టీవీలో ఒకటే గోల. జనం షెల్టరులో ఉండగా నాలుగు ఫోటోలు కావాలని ఆఫీసు నుంచి కబురొస్తే శ్రీలలిత పొద్దున్నే కారు వేసుకుని బయల్దేరింది. మోపిదేవి దాటేసరికి వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. తాడిరేవు చేరేసరికి పదకొండు అయింది. అప్పటికే మూడొందల మంది పైన సర్దుకున్నారు.

కెమెరాకి ప్లాస్టిక్ కవరు చుట్టి, రోడ్డు అవతల నిలబడి ఒక ఫోటో తీసి స్క్రీను చూసుకుంది. చెరువు వైపు మూల స్తంభం బయటికి వాలి ఉంది. లెన్సు మీద నీళ్లు పడ్డాయేమోనని తుడిచి మళ్లీ తీసింది. మళ్లీ అంతే. మూడోది తీస్తుండగా మే నెల సంగతి గుర్తొచ్చింది. అప్పుడూ ఈ మూలే విసిగించింది. లెన్సేదో తేడా చేసిందిలే అనుకుని ఆ ఒక్క స్తంభాన్నీ విడిగా లాగి సరిచేసింది.

గుండె గుభేల్‌మంది. తల ఎత్తి చూసే కెమెరా స్తంభాన్ని లోపలికి వాల్చి చూపిస్తుంది గానీ బయటికి తొయ్యదు. పదేళ్ల నుంచీ తెలిసిన సంగతే. తెలిసీ, అందంగా రావాలనే యావలో పట్టించుకోలేదు. కార్లో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, మే నెలలో తీసిన అసలు ఫోటో చూసింది. అందులోనూ స్తంభం బయటికే వాలి ఉంది. ఇవాళ్టికన్నా తక్కువ, అంతే తేడా. అంటే ఈ ఆరు నెలల్లో అది ఇంకా కదిలింది!

ఇంజనీరు గోవర్ధనరావుకి ఫోన్ చేసింది. షెల్టరు భేషుగ్గా ఉందని రిపోర్టు రాసింది ఆయనే.

"నేనెక్కడ చూశానమ్మా, అప్పుడు రోడ్డు తవ్వేసి ఉంది కదా," అన్నాడాయన తాపీగా. "మీ ఫోటోలు చూసే సంతకం పెట్టాను. స్తంభాలన్నీ గీత గీసినట్టున్నాయి."

"సార్, ఆ మూలది నేనే సరిచేశానండీ. అసలు ఫోటోలో వాలే ఉంది."

"చూడండి మేడం, ఈ గాలిలో జనాన్ని రోడ్డెక్కిస్తే దారిలోనే పోతారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా మీ పని చూసుకుని వెళ్లిపోండి," అని పెట్టేశాడు.

అబద్ధం ఎందుకు, వెళ్లిపోదామనే అనిపించింది. తాళం తిప్పితే చాలు. ఏదన్నా అయితే తుఫాను మీద పడుతుంది, తన పేరెవరు ఎత్తుతారు? ఇంతలో అద్దం మీద ఎవరో తట్టారు. షెల్టరు తాళాలు చూసుకునే గంగన్న, టీ గ్లాసు పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు.

"ఏంటమ్మా, మొహం అట్టా పాలిపోయింది? టీ తాగు."

ఆ గ్లాసు చూశాక ఇక ఆగలేకపోయింది. కారు దిగి ఉన్నదున్నట్టు చెప్పేసింది. గంగన్న నవ్వాడు.

"భలేదానివే! ఆ ఫోటో రోజూ చూస్తన్నాం. మా అమ్మయితే దణ్ణం కూడా పెట్టుకుంటది. స్తంభాలు గీత గీసినట్టుంటే!"

"ఆ గీత గీసింది నేనే గంగన్నగారూ."

అతని నవ్వు ఆగిపోయింది. వెళ్లి వలకి కట్టే సీసం గుండు ఒకటి, పురికొస ఒకటి తెచ్చాడు. నిచ్చెనెక్కి, చెరువు వైపు స్తంభం పైఅంచుకి పురికొస ఆనించి గట్టిగా కట్టి, గుండు కిందికి వదిలాడు. మెట్ల గోడ అడ్డం ఉండటంతో అక్కడ గాలి తగలదు. ఊగి ఊగి గుండు నిలబడింది. పైన స్తంభానికి ఆనుకుని ఉన్న పురికొస, కింద స్తంభానికి దూరంగా వేలాడుతోంది. గంగన్న ఆ సందులో వేళ్లు పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు సులువుగా పట్టాయి.

"ఎప్పటినుంచో ఇట్టాగే ఉందేమో," అన్నాడు గొంతు తగ్గించి. "పైన బాలింతలున్నారు, ముసలోళ్లున్నారు. వాలిందని వీళ్లని తీసుకెళ్తే దారిలో చెట్టు పడొచ్చు. నువ్వు అప్పుడు ఒకటి చూపించావు, ఇప్పుడు ఒకటి చెప్తన్నావు. నిన్నెట్టా నమ్మేది?"

"నన్ను నమ్మొద్దు. గుండుని నమ్మండి. కదులుతోందో లేదో అరగంట చూద్దాం."

గుండు మొన కింద నేల మీద మేకుతో గీత పెట్టారు. ఇక చూడండి ఆ అరగంట! ఇద్దరూ ఆ మూడొందల మంది కిందే గొంతుక్కూర్చున్నారు. పైన పిల్లలు పరిగెత్తుతున్నారు. దడదడమని ఒక్కో అడుగుకీ శ్రీలలిత ప్రాణాలు పైకే పోతున్నాయి. పరిగెత్తొద్దర్రా అని అరవాలనుంది. చెరువు నీళ్లు గట్టుని నాకుతూ స్తంభం మొదలు దాకా వచ్చాయి. తన కళ్లని తనే నమ్మలేక గంగన్న చెయ్యి పట్టుకుంది. ఒక ఫోటో అందంగా ఉండాలని మూడొందల మందిని ఇక్కడికి తెచ్చి పెట్టానే అనుకుంది.

గుండు గీత దాటింది. ఒక వేలు మందం.

గంగన్న లేవడం లేవడమే మెట్లన్నీ రెండేసి ఎక్కాడు. "లెగండర్రా! సామాన్లొద్దు! కోడూరు స్కూలుకి పోదాం!" అని అరిచాడు. తిట్టినవాళ్లు తిట్టారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. కింద వేలాడుతున్న గుండుని చూసి నోళ్లు మూతపడ్డాయి. రొయ్యల మేత మోసే లారీ ఒకటి, ట్రాక్టర్లు రెండు దొరికాయి. శ్రీలలిత కారు నాలుగు సార్లు తిరిగింది.

అంతా దిగినా గంగన్న తల్లి కనకమహాలక్ష్మి మాత్రం దిగనంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పనిచెయ్యవు. చెరువు వైపు మూల కిటికీ కింద చాప వేసుకుని కూర్చుంది.

"ఫోటోలో నిటారుగా ఉంది. రోజూ చూస్తన్నా. నన్నొదిలేసి పొండి."

శ్రీలలిత ఆ చాప పక్కనే కూలబడింది. కాళ్ల కింద నేల కదులుతోందో, తనే వణుకుతోందో తెలియలేదు. "పెద్దమ్మా, ఆ ఫోటో అబద్ధం. వంకరగా ఉన్నదాన్ని నేనే నిటారుగా చేశాను. నీ కాళ్లు పట్టుకుంటాను, లే!"

ముసలమ్మ కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. "ఎందుకు చేశావే?"

"బాగుంటుందని."

"ఎత్తుకోరా గంగా," అంది ముసలమ్మ.

కోడూరు స్కూల్లో మేడ మీద గదులిచ్చారు. ఎవరూ లోపలికి అడుగు పెట్టకముందే గంగన్న అక్కడ కూడా గుండు కట్టి చూశాడు. ఎవరూ నవ్వలేదు.

తెల్లారి గాలి తగ్గాక ఇద్దరూ తాడిరేవు వెళ్లారు. చెరువు వైపు మూల లేదు. నాలుగు స్తంభాలూ, వాటి మీది హాలు ముక్కా చెరువులోకి జారిపోయాయి. మిగతాది పగుళ్లతో నిలబడి ఉంది. గంగన్న బురదలోనే కూర్చుండిపోయాడు. శ్రీలలితకి నిన్నటి భయం ఇప్పుడు పదింతలై తిరిగొచ్చింది. జరగనిదంతా కళ్ల ముందు జరిగింది.

పొద్దున స్కూలు నుంచి బయల్దేరేముందు ముసలమ్మ ఒక మాట చెప్పి పంపింది. "నేను రాలేను గానీ, ఎట్టా ఉందో ఫోటో తీసి పట్రా. ఈసారి ఏమీ సరిచెయ్యమాక." శ్రీలలిత కెమెరా ఎత్తింది. చేతులు ఎంతకీ కుదురుగా నిలబడలేదు. ఎలా వస్తే అలా రానీ అని ఒక్కసారే నొక్కింది.

స్కూలుకొచ్చి స్క్రీను చూపించింది. ముసలమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వెతికింది. వేలితో నీళ్లున్న చోట తాకింది.

"నా చాప ఇక్కడే గదా?"

"అవును పెద్దమ్మా."

ముసలమ్మ శ్రీలలిత మణికట్టు పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

"ఫోటో కాస్త వంకరగా వచ్చింది," అంది శ్రీలలిత ఏడుస్తూ.

"ఉండనీ," అంది ముసలమ్మ.